ఓటమి నేర్పే ఆట

జపాన్ సంస్థ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2022లో విడుదల చేసిన ఎల్డెన్ రింగ్ చాలా కష్టమైన వీడియో ఆట. అందులో మార్గిట్ అనే శత్రువు చేతిలో మూడు రాత్రులు ఓడి, మా మేనల్లుడు ఆట మానేస్తానన్నాడు.

పొరపాటు ఎక్కడో చూద్దాం. ఆడేవారి పాత్రకు ఎనిమిది గుణాలుంటాయి. శత్రువులను చంపితే వచ్చే రూన్లు ఖర్చుపెట్టి వాటిని పెంచుకోవాలి. మావాడు అన్నిటికీ తలా కాస్త పంచాడు. ఏదీ అక్కరకు రాలేదు. ముందు దెబ్బకు తట్టుకునే ప్రాణబలం పెంచాలి. ఆపైన పట్టిన ఆయుధాన్ని బట్టి ఒక గుణం: పెద్ద గొడ్డలికి బలం, సన్న కత్తికి లాఘవం, మంత్రదండానికి తెలివి. దొరికిన రాళ్ళతో కమ్మరి చేత ఆ ఒక్క ఆయుధాన్నే మెరుగు పరచుకోవాలి. మోయగల బరువులో 70 శాతం దాటితే పొర్లి తప్పించుకోవడం మందగిస్తుంది.

చచ్చిపోతే రూన్లు అక్కడే పడిపోతాయి. తెచ్చుకునేలోగా మళ్ళీ చస్తే ఇక దక్కవు. అందుకే పోరుకు ముందే వాటిని వాడుకోవాలి.

ఇక మార్గిట్ సంగతి. అతను కర్ర ఎత్తి, కాసేపు ఆపి కొడతాడు. ఎత్తగానే పొర్లితే దెబ్బ తప్పదు. కర్ర దిగేదాకా ఆగడం తెలిసిన నాలుగో రాత్రి మావాడు గెలిచాడు. రూన్లు పోవచ్చు గాని, ఓడి నేర్చుకున్నది పోదు.