మీటల మధ్య చోటు: విద్యుత్ నాదమూ, పిల్లి చెవీ

సినీ దర్శకులు బి.ఎన్. రెడ్డిగారి స్మృతిలో, ఆయన పుట్టిన కడప జిల్లాలో మాట్లాడే అవకాశం ఇచ్చారు. ఆయన సినిమాల గురించి నాకన్నా బాగా చెప్పగలవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. అందుకని ఆయన కట్టిన స్టూడియో గడప దాటి మన పాటలోకి వచ్చిన కరెంటు గురించి చెబుతాను. ఆ దారి మాడ్యులర్ సింథసైజర్ అనే యంత్రం దాకా పోతుంది. లోకంలో ఆ యంత్రం ఉన్న ఇళ్ళలో పిల్లి కూడా తరచుగా ఉంటుంది. ఆ పిల్లికి ఈ ఉపన్యాసంలో పనుంది, కాస్త ఓపిక పట్టండి. నేను చెప్పదలచినది ఇంతే: మన సంగీతం ప్రాణమంతా స్వరానికీ స్వరానికీ మధ్య జారే చోట ఉంది, విద్యుత్ వాద్యాలు మాత్రం మన చేతికి ఎక్కువగా మీటల రూపంలో వచ్చాయి.

ఈ మీటల కథ కరెంటుకన్నా పాతది. 1885లో ఈ జిల్లాలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు కీచకవధ ఆడించారు. సురభి నాటక సమాజం అక్కడ పుట్టింది. ఆ రంగస్థలానికి హార్మోనియం ఊపిరి. గొంతు ఎంత పైకి లేచినా అది వెంట వెళ్ళేది, ఆఖరి వరుసదాకా వినబడేది. కానీ దాని మెట్లు ఎక్కడివక్కడ బిగించినవి. తోడి రాగంలో గాంధారం ఊగాలంటే ఆ పెట్టె ఊగదు. పద్యం పాడే నటుడు తన గొంతుతోనే ఆ లోటు పూడ్చుకున్నాడు. ఆకాశవాణికి ఆ ఓపిక లేకపోయింది. గమకం, అంటే స్వరాల మధ్య ఆ జారుడు, పలకదన్న అభ్యంతరంతో 1940లో హార్మోనియాన్ని నిషేధించి, 1971 దాకా బయటే నిలబెట్టింది. నిషేధం మొరటు పనే. అయితే దాని వెనకున్న ప్రశ్న మాత్రం సరైనది. పెట్టెను వెళ్ళగొట్టారు గానీ, గమకం పలికే కొత్త పెట్టె ఎలా చేయాలన్న ప్రశ్న అలాగే మిగిలింది.

ఇక కరెంటు దగ్గరికి వద్దాం. 1948లో మద్రాసు వడపళనిలో బి.ఎన్. రెడ్డిగారి వాహినీ స్టూడియో లేచింది. 1951లో అన్నదమ్ములిద్దరివీ రెండు పెద్ద సినిమాలు వచ్చాయి. అన్న బి.ఎన్. రెడ్డిగారిది మల్లీశ్వరి. తమ్ముడు నాగిరెడ్డిగారు చక్రపాణిగారితో కలిసి తీసింది పాతాళభైరవి. దానికి దర్శకుడు తాడిపత్రి కె.వి. రెడ్డిగారు, సంగీతం ఘంటసాలగారు. ఆ రోజుల్లోనే విజయా సంస్థ హమాండ్ ఆర్గన్ తెప్పించింది. వాయించినవారు మచిలీపట్నం నుంచి వచ్చిన మాస్టర్ వేణుగారు. తరువాత రోజులు మారాయి, తోడికోడళ్ళు సినిమాలకు సంగీతం కట్టింది ఆయనే.

ఆ ఆర్గన్ కడుపులో ఏముందో చూద్దాం. అమెరికాలో లారెన్స్ హమాండ్ 1934లో దానికి పేటెంటు తీసుకున్నాడు. లోపల మోటారు తిరుగుతుంటే అంచులు గాట్లు పెట్టిన 91 ఉక్కు చక్రాలు అయస్కాంతాల ముందు తిరుగుతాయి. ఒక్కో చక్రం ఒక్కో శ్రుతికి కరెంటు పుట్టిస్తుంది. వాటిలో ఏవేవి ఎంతెంత కలపాలో వాయించేవాడే నిర్ణయిస్తాడు. నాదాన్ని ముక్కలుగా తెచ్చి కూర్చడం, అంటే సింథసిస్ సూత్రం, ఆ రోజునే మన వాళ్ళ చేతికి వచ్చింది. రంగు ఎన్ని రకాలుగానైనా మార్చుకోవచ్చు. శ్రుతి మాత్రం పళ్ళచక్రాలకు కట్టుబడి ఉంటుంది, జారదు. పాతాళభైరవిలోని మాయల మాంత్రికుడి లోకానికి అది సరిపోయింది. రాగానికి సరిపోలేదు.

పళ్ళచక్రాల కట్టు తెంచినవాళ్ళు ఇద్దరు. 1964లో న్యూయార్క్ రాష్ట్రంలో రాబర్ట్ మూగ్, దాదాపు అదే కాలంలో కాలిఫోర్నియాలో డాన్ బుక్లా. వీళ్ళ యంత్రంలో శ్రుతిని నడిపేది వోల్టేజి. మూగ్ యంత్రంలో ఒక వోల్టు పెరిగితే ఒక స్థాయి పెరుగుతుంది, మధ్య షడ్జం తారషడ్జం అవుతుంది. ఆ వోల్టు లోపల ఎక్కడైనా ఆగవచ్చు, ఎలాగైనా జారవచ్చు. ఈ యంత్రం విడివిడి అరలుగా ఉంటుంది: ఒకటి నాదం పుట్టిస్తుంది, ఒకటి వడగడుతుంది, ఒకటి పెంచి తగ్గిస్తుంది. తీగలతో వాటిని కలుపుకోవాలి. మన కర్నూలు-కడప (కె.సి.) కాలువ తూములు తలచుకోండి. సుంకేసుల దగ్గర మళ్ళిన నీళ్ళు తూము ఎత్తినంత పారతాయి. ఒక కాలువలో పారే నీరే ఇంకో కాలువ తూమును ఎత్తి దించే ఏర్పాటు ఉంటే, అదీ మాడ్యులర్. మూగ్ తన యంత్రానికి మీటల పట్టీ తగిలించాడు, వేలు జరిపే రిబ్బన్ కూడా ఇచ్చాడు. బుక్లా మీటలే వద్దన్నాడు. నలుపు తెలుపు మీటలుంటే చేతులు పాత పాటే వాయిస్తాయని ఆయన వాదం. బజారు మూగ్ మీటలను కొనుక్కుంది.

ఈ యంత్రం మన దేశానికి ఆలస్యంగా వచ్చిందనుకుంటే పొరపాటు. 1969లోనే అహమ్మదాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు మూగ్ వచ్చింది. బిగించి నేర్పింది అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్. దానికి ముందూ ఒక కథ ఉంది. పఖావజ్ వాయించే గీతా సారాభాయ్ 1946లో న్యూయార్క్‌లో జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం చెప్పి, ఆయన దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంది. ఆమెతోపాటు ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా 1972 దాకా ఆ యంత్రం మీద పని చేసి టేపులకెక్కించారు. తరువాత ఆ టేపులు బీరువాల్లో పడున్నాయి. లండన్ కళాకారుడు పాల్ పర్గస్ వాటిని వెలికితీశాక, 2023లో రికార్డుగా వచ్చాయి. ఇదొక వింత: మన దేశపు తొలినాళ్ళ ఎలక్ట్రానిక్ సంగీతం పుట్టిన యాభై ఏళ్ళకు మనకు వినబడింది.

మన దగ్గర సినిమా మాత్రం ఆగలేదు. 1980ల్లో కీబోర్డు మద్రాసు స్టూడియోలను ఆక్రమించింది. రాజ్-కోటి గార్ల దగ్గర కీబోర్డు వాయించిన కుర్రవాడు ఏ.ఆర్. రెహమాన్. 1992 రోజా తర్వాత సంగతి మీకు తెలుసు. కడప పెద్ద దర్గాకు ఆయన వచ్చిపోవడమూ మీకు తెలుసు. నేను గుర్తు చేసేది మరొకటి. కీబోర్డుతో ఎదిగిన ఆ మనిషే 2009లో ఢిల్లీ-6 సినిమాలో ఒక పాట చివర కంటిన్యుయం అనే వాద్యం వాయించారు. దానికి మీటలుండవు, మెత్తటి పలక మీద వేలు జారుతుంది, నాదం జారుతుంది. మీటలతో ఇంత సాధించినవారికే మీటల మధ్య చోటు కావలసివచ్చింది. ఇక మన ఇళ్ళ సంగతి. మీటల్లేని విద్యుత్ వాద్యం ఒకటి మన సంగీతం టీచర్ల ఇళ్ళలో ఎప్పటినుంచో మోగుతోంది. 1979లో బెంగళూరు ఇంజనీరు జి. రాజ్ నారాయణ్ చేసిన ఎలక్ట్రానిక్ తంబురా, దాని వెంట వచ్చిన శ్రుతిపెట్టెలు. మర తిప్పితే శ్రుతి జారి నిలబడుతుంది. సింథసైజర్ మనకు కొత్తదని ఎవరైనా అంటే ఆ పెట్టె చూపించండి.

ఇప్పుడు పిల్లి. ఈ చరిత్రలో దాని మొదటి పాత్ర సుఖమైనది కాదు. 1929లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో వీవర్, బ్రే అనే ఇద్దరు పిల్లికి మత్తిచ్చి, చెవినరం మీద తీగ పెట్టి, ఆంప్లిఫయర్ గుండా ఇంకో గదిలోని టెలిఫోనుకు కలిపారు. పిల్లి చెవిలో మాట్లాడితే ఆ గదిలో మాట వినబడింది. చెవి కూడా ధ్వనిని కరెంటుగా మారుస్తుందని లోకం విన్నది ఒక పిల్లి ద్వారానే. ఆ చెవి సామాన్యమైనది కాదు. మనిషి సెకనుకు 20,000 కంపనాల దగ్గర ఆగిపోతే, పిల్లి 85,000 దాకా వింటుంది. మన యంత్రం వదిలే నాదంలో మనకు అందని పైభాగం ఎంతో దానికి అందుతుంది.

2015లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకుడు స్నోడన్, సంగీతకారుడు డేవిడ్ టీ తమ సహచరితో కలిసి 47 పెంపుడు పిల్లుల మీద చేసిన పరీక్ష ప్రచురించారు. బాక్, ఫోరే రచనలు వినిపిస్తే పిల్లులు పట్టించుకోలేదు. గురగుర లయతో, పిల్లి పలుకు స్థాయిలో, జారుడు స్వరాలతో కట్టినవి వినిపిస్తే లేచి స్పీకరు దగ్గరకొచ్చి తల రుద్దాయి. పిల్లికి రాగజ్ఞానం ఉందని నేననను. బిగించిన మెట్ల కంటే జారే నాదం ప్రాణికి దగ్గరగా ఉంటుందని మాత్రం అంటాను. మన వైణికులు తీగ లాగుతున్నది అందుకే. సింథసైజర్ పక్కన పిల్లి చేరడానికి మామూలు కారణాలూ ఉన్నాయి. యంత్రం గోరువెచ్చగా ఉంటుంది, పని రాత్రిపూట సాగుతుంది, ఊగే తీగలు దానికి ఆట. మన ఎండలకు లెక్క తిరగబడుతుంది. కర్నూలు మే నెలలో పిల్లి యంత్రం వైపే చూడదు, కడప బండ పరిచిన నేల మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. అయినా గది వదిలిపోదు. తాళం అడగని, పల్లవి అడగని, చప్పట్లు కొట్టని శ్రోత ప్రయోగం చేసేవాడికి చాలా అవసరం.

ఇదంతా చెప్పింది ఒక పని అడగడానికి. మాడ్యులర్ యంత్రం ఖరీదైనదే, కానీ 2017 నుంచి వీసీవీ ర్యాక్ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతోంది. మామూలు కంప్యూటరులోనే ఆ అరలన్నీ కలుపుకోవచ్చు. కడప, కర్నూలు కళాశాలల్లో ఒక్కో గది కేటాయించండి. ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలనూ, వీణ, గాత్రం నేర్చే పిల్లలనూ అక్కడ కలిపి కూర్చోబెట్టండి. మొదటి పాఠంగా తోడి గాంధారం ఊగించమనండి. చేసిన ప్రతిదీ రికార్డు చేసి, తేదీ, పేరు రాసి గ్రంథాలయంలో భద్రపరచండి. అహమ్మదాబాదు టేపుల గతి మన పిల్లల పనికి పట్టకూడదు. ఆ గదిలోకి పిల్లి వస్తే రానివ్వండి. మీటల పట్టీని మాత్రం మొదటి ఏడాది బయటే ఉంచండి.