ఆరంకెల అమానతు



దుకాణంలో కార్డు ఇస్తే మనిషి ఎదురుగా ఉంటాడు. ఆన్‌లైనులో అలా కాదు. కార్డు మీది అంకెలు తెలిసినవాడల్లా యజమానే. అందుకనే రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి రెండో తాళం తప్పనిసరి చేసింది. ఫోనుకు వచ్చే ఓటీపీ ఆ తాళపు చెవి.

మేము ఎరిగిన ఒక పెద్దాయన హజ్ కోసం కూడబెట్టుకున్నారు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామన్నవాడికి కార్డు వివరాలు చెప్పి, ఓటీపీ కూడా చదివి వినిపించారు. ఎంత సొమ్ము పోతున్నదీ, ఎవరికీ చెప్పవద్దనీ మెసేజిలో రాసే ఉంది. కాని ఇంగ్లీషులో! ఆయనకు వచ్చింది ఉర్దూ. ఇంగ్లీషులో అంకెలు మాత్రమే ఎరుగుదురు. దగాకోరుకు కావలసిందీ అంకెలే కదా.

సిగ్గుతో నాలుగు రోజులు కొడుకులకు చెప్పలేదు. ఆలోగా అదే మనిషి, సొమ్ము వాపసు ఇస్తామని మళ్ళీ ఓటీపీ అడిగి మళ్ళీ తీసుకున్నాడు.

2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు చూడండి. మన తప్పు, బ్యాంకు తప్పు లేని మోసమైతే 3 పనిదినాల్లో తెలిపినవారికి నష్టం లేదు. మనమే ఓటీపీ చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయింది మనది, ఆ తర్వాత పోయేది బ్యాంకుది. కనుక వెంటనే బ్యాంకుకూ, 1930కీ ఫోను చేయాలి.

పిల్లలారా, అమ్మీ అబ్బాలకు వచ్చిన మెసేజి పూర్తిగా, వారికి వచ్చిన భాషలో చదివి వినిపించండి. పోయిందని చెబితే కసరకండి. ఆ పెద్దాయన భయమూ అదే. కార్డుకు ఆన్‌లైను వాడకం మనమే ఆపివేసుకోవచ్చు. సభ అయ్యాక ఫోనులు తెండి, చూపిస్తాము.