బొర్రా కొండల కేసు



విశాఖ నుంచి అరకు వెళ్లే రైలు ఎక్కినవాళ్లందరికీ బొర్రా గుహలు తెలుసు. దీపాల వెలుతుర్లో రాళ్లు చూసి, బయటికొచ్చి బొంగు చికెన్ తిని వెళ్తారు. అసలా రైలు మార్గం 1960లలో వేసింది యాత్రికుల కోసం కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేయడానికి. ఆ గుహల చుట్టూ ఉన్న పద్నాలుగు గిరిజన గ్రామాల గురించే 1997లో సుప్రీంకోర్టు ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. సమతా తీర్పు అంటారు.

అది అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1879లో గోదావరి ఏజెన్సీలో రంప పితూరీ లేచింది. తాగే కల్లు మీద చిగురుపన్ను, దానికితోడు మైదానం నుంచి వచ్చిన షావుకార్లు అప్పుల పత్రాలు పట్టుకుని కోర్టుకెక్కి, డిక్రీ తెచ్చుకుని పశువుల్ని తోలుకుపోవడం. కోర్టు భాషే తెలియని కొండమనిషి అక్కడ ఏం వాదించగలడు? పితూరీని అణిచారు గానీ, భయం మిగిలిపోయింది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూములు గిరిజనేతరులకు బదిలీ కాకుండా చట్టం చేసింది. దాన్ని దొరల దయ అనుకోనక్కర్లేదు. మళ్లీ తిరగబడతారన్న బెదురే అందులో ఎక్కువ. అయినా అయిదేళ్లకే అల్లూరి సీతారామరాజు పోలీసు స్టేషన్ల మీద పడ్డాడు.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో ఏజెన్సీ భూముల బదిలీ మీద కొత్త నిబంధన వచ్చింది. కాగితం మీద బాగానే ఉంది, భూమి మాత్రం చేతులు మారుతూనే ఉంది. 1967లో శ్రీకాకుళం కొండల్లో గిరిజన ఉద్యమం భగ్గుమన్నాకే ఆ చట్టానికి కోరలొచ్చాయి. అదే మనవాళ్లు 1/70 అని పిలిచే 1970 సవరణ. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందు అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవలసింది ఆ గిరిజనేతరుడే. అతను ఆ భూమిని ఇంకో గిరిజనేతరుడికి అమ్మడానికీ వీల్లేదు.

మరి ప్రభుత్వమే ఆ భూమిని గిరిజనేతరులకు లీజుకిస్తే? ఆ ప్రశ్న అనంతగిరి మండలంలో పుట్టింది. బొర్రా రిజర్వు ఫారెస్టులో, నిమ్మలపాడులాంటి ఊళ్లలో కాల్సైట్, మైకా తవ్వుకోవడానికి సర్కారు బయటివాళ్లకు లీజులిచ్చింది. తరతరాలుగా సాగుచేసుకుంటున్నా చాలామందికి పట్టాలు లేవు. పట్టా లేదంటే సర్కారు లెక్కలో అది సర్కారు భూమి. సమతా అనే స్వచ్ఛంద సంస్థ హైకోర్టుకు వెళ్లింది. అక్కడ ఓడి, సుప్రీంకోర్టుకు వెళ్లింది.

1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తుల బెంచి ఇద్దరి మెజారిటీతో తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో, అంటే ఏజెన్సీలో, భూమి గిరిజనేతరుడికి పోకూడదంటే, ఇచ్చే చెయ్యి ప్రభుత్వానిదైనా సరే పోకూడదు. ప్రైవేటు గనుల లీజులు చెల్లవు. జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ మాట అది. జస్టిస్ పట్నాయక్ ఒప్పుకోలేదు.

అయితే అదే తీర్పు ఒక తలుపు తెరిచి ఉంచింది. గిరిజన సహకార సంఘాలు తవ్వుకోవచ్చు, ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ కూడా తవ్వవచ్చు. నికర లాభంలో కనీసం 20 శాతం గిరిజనుల కోసం పక్కన పెట్టాలనీ చెప్పింది. ఆ తలుపులోంచే బాక్సైట్ వచ్చింది. 2005లో కుదిరిన ఒప్పందం ప్రకారం ప్రభుత్వ సంస్థ గాలికొండ, రక్తకొండల మీద తవ్వాలి, ఆ ఖనిజం ఎస్.కోట దగ్గర పెట్టాలనుకున్న జిందాల్ ఫ్యాక్టరీకి వెళ్లాలి. తవ్వేది సర్కారే, తీసుకునేది మాత్రం ప్రైవేటు కంపెనీ. చట్టం ఒప్పుకుంటుందేమో గానీ, తీర్పు ఉద్దేశం మాత్రం ఇది కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

కొండమీది వాళ్ల అభ్యంతరం నీటి దగ్గర మొదలవుతుంది. బాక్సైట్ పొర వానాకాలం నీటిని స్పాంజిలా పట్టి ఉంచి, ఎండాకాలమంతా ఊటలుగా వదులుతుంది. ఆ ఊటలే గెడ్డలవుతాయి. చోడి, సామ, వలిసెలు, కాఫీ, పసుపు అన్నీ ఆ తేమ మీదే. కొండ నెత్తి తీసేస్తే ఊట ఎక్కడి నుంచి వస్తుందని వాళ్లు అడిగారు. 2015లో చింతపల్లి వైపు అడవిని బాక్సైట్‌కు ఇస్తూ జీవో నంబరు 97 వెలువడితే మన్యమంతా రోడ్డెక్కింది. ఆ జీవోను ఆపారు, 2019లో లీజులనే రద్దు చేశారు.

ఇప్పుడు గనుల మాట తగ్గి పంప్డ్ స్టోరేజ్ మాట వినిపిస్తోంది. కొండపైన ఒక జలాశయం, కింద ఒకటి. కరెంటు చవగ్గా దొరికే వేళ నీళ్లు పైకి తోడి, గిరాకీ వేళ కిందికి వదులుతారు. అలాంటి ప్రతిపాదన అనంతగిరి మండలంలోనే పెదకోట దగ్గర ఉంది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలి. మన్యంలో ఇలాంటి ప్రాజెక్టుల సర్వేకు వచ్చినవాళ్లని గిరిజనులు నిలదీసి అడుగుతున్నదీ అదే: మా గ్రామసభ తీర్మానం ఏదీ అని.