నెత్తురిచ్చింది చాలు, ఇంక ప్రశ్న మనం అడగాల

(అంబేద్కర్ జయంతి సందర్భంగా కనగానపల్లిలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



నన్ను అంబేద్కర్ గురించి మాట్లాడమన్నారు. ఆయన రాజ్యాంగం రాసినాడని మీకు తెలుసు. మహద్ చెరువులో నీళ్లు తాగించినాడని తెలుసు. కానీ ఈ రెండూ చేయకముందు ఆయన ఒక పరిశోధక విద్యార్థి. ఇరవై అయిదేండ్ల పిల్లోడు. ఈ పొద్దు ఆ పిల్లోని గురించే మాట్లాడతాను. ఎందుకంటే మన కాలనీలో ఒక పాప ఉంది. పేరు చెప్పను, ఈడనే కూచోనుంది, సిగ్గుపడతాది. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పాసయింది. పిహెచ్.డి. సీటు వచ్చింది. వాళ్లమ్మ పోయిన వారం నన్ను బడి కాడ నిలేసింది. "సారూ, పదిహేడేండ్లు సదివింది. ఇంగా అయిదేండ్లంట. ఆ సదువు సదివితే డాక్టరవుతాదా అంటే సూదిమందు ఏసే డాక్టరు కాదంట. మరేం సదువు సారూ అది? చెనిక్కాయ కూలికి పోయి ఇంగెన్నాళ్లు సాకాల?" అని అడిగింది. ఆ పొద్దు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయినాను. ఇప్పుడు చెప్తాను.

పరిశోధన అంటే ఏంది? జబ్బు వస్తే మందిచ్చేది వైద్యం. ఈ జబ్బు ఈ ఊరికే ఎందుకొచ్చింది, ఈ మనుషులకే ఎందుకొచ్చింది అని అడిగి, లెక్కలు తీసి, నీళ్లూ నెత్తురూ పరీక్ష చేసి, రుజువుతో చెప్పేది పరిశోధన. 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలో, నెల్లూరు జిల్లా పల్లెల్లో, వెన్ను వంగిపోయిన మనుషులను నలుగురు డాక్టర్లు పరీక్ష చేసి చూసినారు. ఆ రోగం బాయి నీళ్లలోని ఫ్లోరైడు వల్ల వచ్చిందని రాసినారు. మన దేశంలో మనుషులకొచ్చే ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి రాతల్లో అది ముఖ్యమైంది. మన అనంతపురం నేలలోనూ ఆ నీళ్లు ఉన్నాయి, మీలో పండ్లు గార పట్టినోళ్లకు తెలుసు. ఖర్మ అనుకొని తాగిన నీళ్లలో విషం ఉందని తేల్చింది ఒక ప్రశ్న. ఆ ప్రశ్న అడిగే చదువే పిహెచ్.డి.

మరి ఇన్నాళ్లూ మన గురించి ప్రశ్నలు అడిగిందెవరు?

తెల్లదొరల కాలంలో ఎడ్గార్ థర్‌స్టన్ అని మద్రాసు మ్యూజియం అధికారి ఉండె. ఊర్లు తిరిగి, కులానికి ఇంతమందిని పిలిపించి, తలకాయ పొడుగు, ముక్కు వెడల్పు కొలిచినాడు. 1909లో ఏడు సంపుటాలు అచ్చేసినాడు. ఉత్తరాన రిస్లీ అనే ఇంకో దొర కూడా ఇదే పని చేసినాడు. ముక్కు ఎంత సన్నగుంటే కులం అంత పైన, ముక్కు ఎంత వెడల్పుంటే అంత కింద అని లెక్క కట్టినాడు. చూసినారా? మనం వంచిన తల ఎత్తకపోతే, ఆ వంచిన తలకే టేపు పెట్టి కొలిచినారు. కొలిచేటోడు ఒకడు, కొలిపించుకునేటోళ్లం మనం. మనల్ని ఒక్క మాట అడిగినోడు లేడు.

ఆ కాలంలోనే, 1913లో, బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేద్కర్ అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయినాడు. 1916 మే 9న అక్కడి మానవశాస్త్ర తరగతిలో ఒక పేపరు చదివినాడు. భారతదేశంలో కులాలు ఎట్లా పుట్టినాయి, ఎట్లా నిలబడినాయి అన్నది దాని విషయం. ఏం చెప్పినాడు? ఈ దేశపు జనం అప్పటికే కలిసిపోయిన జనం. కులం అంటే వేరే జాతి కాదు. కలిసి ఉన్న జనం మధ్య, మీ పిల్లను మాకియ్యొద్దు, మా పిల్లను మీకియ్యం అని పెండ్లి తలుపు మూసినప్పుడు పుట్టిందే కులం. ఆ తలుపు మూసి ఉంచడానికే ఆడదాన్ని చితి మీదకు తోసినారు, విధవను చేసి మూల కూచోబెట్టినారు, పాల పండ్లు ఊడని పిల్లకు పెండ్లి చేసినారు. 1948లో అంటరానివాళ్ల గురించి రాసిన పుస్తకంలో ఆయన దొరల ముక్కు లెక్కలనే తీసుకొని, వాళ్ల కొలతల ప్రకారమే బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి అని తేల్చినాడు. కొలిపించుకున్నోళ్ల బిడ్డ టేపు చేతిలోకి తీసుకున్నాడు. లెక్క మారిపోయింది.

మరి నెత్తురు ఏం చెప్పింది? అది కూడా చెప్తాను వినండి.

2001లో ఒక పరిశోధన అచ్చయింది. మన విశాఖపట్నం జిల్లాలో ఎనిమిది కులాల నుంచి 265 మంది మగవాళ్ల నెత్తురు తీసుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు, అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి చేసినారు. తండ్రి నుంచి కొడుకుకు వచ్చే గుర్తులు చూస్తే పెద్ద కులాలు యూరపు వాళ్లకు దగ్గరగా కనిపిస్తా ఉండాయని రాసినారు. ఇట్లాంటి మాట దొరికితే చాలు, "మా నెత్తురు వేరే" అని ఎగిరేవాళ్లు మన దేశంలో తక్కువ లేరు.

కానీ పరిశోధన అక్కడ ఆగలేదు. హైదరాబాదులో సి.సి.ఎం.బి. అని పెద్ద సంస్థ ఉంది, కణాల గురించి, జన్యువుల గురించి పని చేస్తాది. అక్కడి లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాలోని హార్వర్డ్ వాళ్లు కలిసి 2009లో 25 సమూహాల నెత్తురు పరీక్ష ఫలితం అచ్చేసినారు. అందులో మన మాల, మాదిగల నెత్తురు కూడా ఉంది. తేలిందేంది? ఈ నేల మీద దాదాపు అందరిదీ రెండు పాత వంశాల కలయిక. పాళ్లు ఎక్కువ తక్కువ ఉండొచ్చు గానీ, కలవని నెత్తురంటూ లేదు. 2013లో ఇంకో ఫలితం వచ్చింది. ఈ కలయిక సుమారు 4,200 ఏండ్ల కిందట నుంచి 1,900 ఏండ్ల కిందట దాకా జరిగింది. ఆ తర్వాత ఆగిపోయింది. ఎందుకు ఆగింది? పెండ్లి తలుపు పడింది కాబట్టి. 1916లో ఇరవై అయిదేండ్ల మహార్ పిల్లోడు బుద్ధితో చెప్పిన మాటను, 97 ఏండ్ల తర్వాత నెత్తురు సాక్ష్యమిచ్చి రుజువు చేసింది.

ఇంకో మాట. తలుపు మూసుకున్నోళ్లు బాగుపడినారా అంటే అదీ లేదు. తరతరాలుగా లోపలే ఇచ్చి పుచ్చుకున్న వైశ్యుల్లో, ఆపరేషనుకు ఇచ్చే ఒక రకం మత్తు సహాయ మందు ఒంటికి పడక, ఊపిరి తిరిగి రావడానికి చాలాసేపు పట్టే లోపం మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువని డాక్టర్లకు తెలుసు. కులం ఒంటికీ చేటే. మనం మాత్రం తక్కువ తిన్నామా? మేనరికం, అక్క కూతురు, మాలోళ్లకు మాదిగోళ్లు ఇయ్యరు, మాదిగోళ్లకు మాలోళ్లు ఇయ్యరు. అంబేద్కర్ బొమ్మకు దండేసి, ఆ తలుపుకు మనమూ గొళ్లెం పెట్టుకుంటా ఉండాము. ఈ మాట ఎవరికైనా కోపం తెప్పిస్తే మన్నించాల్సిన పనిలేదు. కోప్పడి ఆలోచించండి.

ఇప్పుడు అసలు నొప్పికి వస్తాను. పరిశోధన మంచిదే. కానీ అది ఎవరి ఒంటి మీద జరుగుతుంది, ఎవరిని అడిగి జరుగుతుంది? 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, పది నుంచి పద్నాలుగేండ్ల ఆడపిల్లలకు ఒక టీకా వేసినారు. దాదాపు పద్నాలుగు వేలమంది. ఎక్కువమంది కోయ బిడ్డలు, హాస్టలు పిల్లలు. అమెరికా సంస్థ పాత్, మన దేశపు ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పరిశీలన అది. కొందరు పిల్లలు చనిపోయినారని గొడవయితే 2010 ఏప్రిల్‌లో ఆపినారు. చావులకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. ఆ టీకా చెడ్డది కాదు, ఆడవాళ్ల గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సరును ఆపేది, ఎన్నో దేశాల్లో వేస్తా ఉండారు. మీరు భయపడి టీకాలు మానొద్దు. తప్పు టీకాది కాదు, అడగకపోవడంలో ఉంది. 2013లో పార్లమెంటు కమిటీ కాగితాలు తీసి చూసింది. మన రాష్ట్రంలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 కాగితాల మీద సంతకం చేసింది తల్లీ కాదు, తండ్రీ కాదు, హాస్టలు వార్డెన్లు.

నేను పంతులును. ఆ అంకె చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సర్కారు కాగితం వస్తే చదవకుండా సంతకం పెట్టే చెయ్యి నాది కూడా. ఆ హాస్టల్లో నేనుంటే పెట్టకపోదునా? పెట్టుందును.

ఇంకో తప్పు ఒప్పుకుంటాను. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు, 642 మందికి, దారి వెతికే చిక్కు బొమ్మలు ఇచ్చి చేయించినారు. 2004లో ఫలితం రాసినారు. కులం పేరు ఎత్తనప్పుడు దళిత పిల్లలు, పెద్దకులం పిల్లలు సమానంగా చేసినారు. అందరి ముందర పేరు, ఊరు, కులం చదివి చెప్పినాక, దళిత పిల్లలు వెనకబడినారు. అదే పిల్లోడు, అదే మెదడు. మారింది ఒక్క మాట. ఇది మనస్తత్వశాస్త్రం చెప్పిన మాట. నేను పదేండ్లు క్లాసులో "ఎస్సీ పిల్లోల్లు లేసి నిలబడండి, స్కాలర్‌షిప్పు ఫారాలు నింపాల" అని అరిచినాను. మేలు చేస్తా ఉండానని అనుకొని చేసిన పని. ఆ పేపరు చదివినాక మానుకున్నాను. ఇప్పుడు ఒక్కొక్కరిని విడిగా పిలుస్తాను. ఈడున్న పంతుళ్లు అందరూ రేపట్నుంచే మానాల.

నాకూ ఒకప్పుడు పరిశోధన చేయాలని ఉండె. జువాలజీ ఎమ్మెస్సీ చేసి ఒక పెద్దాయన దగ్గరికి పోయినాను. "మీవాళ్లకు లాబ్ ఎందుకప్పా, బి.ఎడ్. చేసుకో, రిజర్వేషన్లో ఉద్యోగమొస్తాది" అన్నాడు. మా ఇంట్లో డిగ్రీ మొగం చూసింది నేనే మొదలు. ఎదురు మాట్లాడేది తెలియక ఇంటికొచ్చేసినాను. ఆ పొద్దు నా వెనక ఒక్క మనిషి నిలబడి ఉంటే అనుకుంటాను. అందుకే ఈ పొద్దు ఈ పాప వెనక నిలబడమని మిమ్మల్ని అడుగుతా ఉండాను.

ఆడికి పోతే అంతా పూలబాట అని అబద్ధం చెప్పను. గుంటూరు నుంచి హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి పోయిన రోహిత్ వేముల జీవశాస్త్రం చదివి, సైన్సుకూ సమాజానికీ ఉండే సంబంధం మీద పరిశోధన చేస్తా ఉండె. నెలలకొద్దీ ఫెలోషిప్పు దుడ్లు అందలేదు. నలుగురు సావాసగాళ్లతో పాటు హాస్టలు నుంచి బయటికి పంపినారు. 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. అది తలచుకొని ఆ తల్లి బిడ్డను పంపనంటే తప్పు పట్టలేం. కానీ పంపకపోతే ఏమవుతాది? లాబు వాళ్లకే మిగుల్తాది, సూది మనకే మిగుల్తాది.

అందుకని మనం చేయాల్సిన పనులు చెప్పి ముగిస్తాను.

ఒకటి. ఎవరైనా మన వాడకొచ్చి నెత్తురు తీస్తామన్నా, మందు పరీక్ష అన్నా, ఎవరు మీరు, ఎందుకు, ఫలితం మాకు చెప్తారా, నష్టమైతే ఎవరు చూస్తారు అని అడగండి. మందు పరీక్ష అయితే 2019 నిబంధనల ప్రకారం మన అంగీకారం రాతలో ఉండాల. చదువురాని వాళ్లకు చదివి వినిపించి, సంబంధం లేని సాక్షి సంతకం పెట్టాల. నష్టం జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇయ్యాల. వద్దనే హక్కు మనది. వద్దన్నందుకు ఆసుపత్రిలో వైద్యం ఆపకూడదు.

రెండు. ఎస్సీ పిల్లలకు పరిశోధన కోసం కేంద్రం ఇచ్చే జాతీయ ఫెలోషిప్పు 2005-06 నుంచి ఉంది. నెట్ పరీక్ష రాసి జె.ఆర్.ఎఫ్. తెచ్చుకున్నోళ్లకు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. అమ్మా, నీ బిడ్డను నువ్వు సాకాల్సిన పనిలేదు, నీ బిడ్డే నీకు పంపొచ్చు. అయితే ఆ దుడ్లు ఆలస్యంగా వస్తాయి. మొదటి ఆరు నెలలు చేతిలో ఏమీ ఉండదు. ఆ ఆరు నెలలకు మన సంఘం చందా వేసి పెట్టాల. నా వంతు ఈ పొద్దే ఇస్తాను.

మూడు. పోయిన బిడ్డను ఒంటరిగా వదలకూడదు. నెలకొకసారి ఎవరో ఒకరు ఫోను చేయాల, ఏడాదికి రెండుసార్లు పోయి చూసి రావాల. గైడు ఇయ్యకపోతే, అవమానిస్తే, వివక్ష మీద ఫిర్యాదు తీసుకోవాలని 2012లోనే యు.జి.సి. నిబంధన పెట్టింది. ఆ ఫిర్యాదు కాగితం మీద ఆ పాప సంతకం ఒక్కటే కాదు, వెనక ఊరు ఉందని తెలియాల.

అమ్మా, నువ్వడిగినావు, ఆ సదువు సదివి ఏమైతాదని. సూదిమందు వేసే డాక్టరు కాదు. చెనిక్కాయ చేలల్లో మందు కొట్టే నీకు ఊపిరి ఎందుకు అందడంలేదో, మన గేరిలో ఆడోళ్లకు నెత్తురు ఎందుకు తక్కువో, బడిలో మన పిల్లోడు ఎందుకు నోరు తెరవడో, ఇవన్నీ ఇప్పటిదాకా ఎవరూ సరిగా అడగని ప్రశ్నలు. అవి నీ బిడ్డ అడుగుతాది. నిన్ను కొలవడానికి కాదు, నీ తరపున అడుగుతాది.

పంపు తల్లీ. మేమందరం ఉండాము.

జై భీమ్.