గుడ్డ పీలికతో ఆగే వాన కాదు

(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు మద్దతు ధర గురించి, నకిలీ విత్తనాల గురించి చెప్పారు. నేను లారీ కిటికీ రబ్బరు గురించి మాట్లాడతానంటే వెనక వరసలో ఇద్దరు నవ్వారు. నవ్వండి, తప్పు లేదు. మొన్న మార్చి దాకా నేను కూడా నవ్వినవాణ్ణే.

మా ఊళ్లో ఆరుగురం కలిసి ఒక పాత లారీ కొనుక్కున్నాం. మా మిర్చి, పత్తితో పాటు ఊరివాళ్ల సరుకు కూడా అందులోనే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోతుంది. ఉత్త ఛాసిస్ కొని బాడీ షాపులో క్యాబిన్ కట్టించిన కాలం నాటి బండి అది. దాని పక్క అద్దాలు హ్యాండిల్ తిప్పితే పైకీ కిందికీ దిగేవి కావు. గాడిలో ముందుకీ వెనక్కీ జరిగేవి.

ఆ గాడిలో ఉండే రబ్బరు ఎండలకు బిరుసెక్కి, ముక్కలు ముక్కలుగా రాలిపోయింది. మా డ్రైవర్ తమ్ముడు మూడుసార్లు చెప్పాడు. "అన్నా, అద్దాలు గడగడ కొట్టుకుంటున్నయి. మిర్చి ఘాటు లోపలికి వచ్చి దగ్గు ఆగుతలేదు. వాన పడితే సీటు తడుస్తది" అన్నాడు. "పాత బండి, అట్లనే ఉంటది తమ్మీ. గుడ్డ పీలిక కుక్కు" అని జవాబిచ్చాం. ఆ మాట అన్నది వేరెవరో కాదు, నేనే.

మార్చిలో మిర్చి అమ్ముకొని బండి రాత్రిపూట తిరిగి వస్తోంది. దారిలో చెడగొట్టు వాన, దానికి తోడు గాలి. తొమ్మిదిమంది రైతుల తక్ పట్టీలు కిటికీ కింద పెట్టెలో ఉన్నాయి. కుక్కిన గుడ్డ తడిసి, ఆ గుడ్డ నుంచే నీళ్లు ధారగా పెట్టెలోకి కారాయి. తెల్లారి చూస్తే కాగితాలన్నీ ముద్దయిపోయి ఉన్నాయి.

తిరిగి కాగితాలు రాయించుకోవడానికి నాలుగుసార్లు తిరిగాం. ఎనిమిదిమంది లెక్క కుదిరింది. ఒక కౌలు రైతు అక్క లెక్కలో రెండు బస్తాలు తక్కువ వచ్చాయి. "మా పుస్తకంలో ఇంతే ఉంది, మీ దగ్గర కాగితం ఉంటే చూపించండి" అన్నారు. ఏం చూపిస్తాం? ఆ రెండు బస్తాల డబ్బు లారీ ఖాతా నుంచి మేమే ఇచ్చాం. ఆమె తీసుకుంది గానీ ఒక మాట అన్నది. "మీరిచ్చినందుకు సంతోషమే అన్నా. కానీ కష్టపడి పండించింది కాగితం తడిస్తే లేకుండా పోతదా?" ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

ఆ వారమే రబ్బరు మార్చాం. ఎట్లా మార్చామో చెప్తాను, మీ బండ్లకూ పనికొస్తుంది.

ముందు పాత రబ్బరు ముక్క ఒకటి కోసి దుకాణానికి పట్టుకెళ్లండి. కిటికీ రబ్బరు అంటే ఏదో ఒకటి ఇస్తారు. అద్దం మందం ఎంత, గాడి వెడల్పు ఎంత, లోతు ఎంత అన్నది కొలుచుకొని పోవాలి. ఈపీడీఎం రబ్బరు అని అడగండి. అది ఎండకూ వానకూ ఓర్చుకుంటుంది. చవకగా దొరికే ప్లాస్టిక్ రకం ఎండకు తొందరగా గట్టిపడిపోతుంది. అద్దం జరిగే చోట లోపల మఖమల్ లాంటి నూగు ఉన్న రకం తీసుకుంటే అద్దం మీద గీతలు పడవు.

అద్దం తీసేటప్పుడు ఇద్దరు ఉండాలి. ముందు అద్దాన్ని ఆపే స్క్రూలు విప్పండి. చాలా కిటికీలకు పై గాడి లోతు ఎక్కువ. అద్దాన్ని పైకి ఎత్తి, కింది అంచును లోపలివైపు లాగితే వచ్చేస్తుంది. బలవంతం చేయకండి. అది టఫెన్డ్ అద్దం. మధ్యలో గుద్దితే ఓర్చుకుంటుంది గానీ, అంచుకు ఇనుము తగిలితే మొత్తం పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు లేక అద్దం అంచు ఇనుప గాడికి కొట్టుకుంటూ ఉంటే ఏదో ఒక రోజు జరిగేది అదే.

తర్వాత గాడి శుభ్రం చేయాలి. పాత జిగురు గీకి, తుప్పును వైర్ బ్రష్‌తో రుద్ది, రెడ్ ఆక్సైడ్ వేసి ఆరనివ్వాలి. కింది గాడిలో నీళ్లు బయటికి పోవడానికి చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. మా బండిలో అవి దుమ్ముతో, మిర్చి గింజలతో పూడుకుపోయి ఉన్నాయి. అవి మూసుకుపోతే ఎంత కొత్త రబ్బరు వేసినా గాడి నిండి నీళ్లు లోపలికే పొర్లుతాయి. కొందరు నీళ్లు రాకుండా అని ఆ రంధ్రాలను కూడా జిగురుతో మూసేస్తారు. ఆ పని అసలే చేయకండి.

రబ్బరు వేసేటప్పుడు సాగదీయకండి. సాగదీసి వేస్తే నాలుగు రోజులకు కుంచించుకుపోయి మూలల్లో సందు పడుతుంది. కొలత కంటే కొంచెం ఎక్కువే కోసి, నొక్కి కూర్చోబెట్టండి. సబ్బు నీళ్లు రాస్తే తేలిగ్గా దిగుతుంది. గ్రీజు, డీజిల్, ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు. వాటికి రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. రెండు అద్దాలు ఒకదాని మీద ఒకటి వచ్చే నడిమి చోట కూడా ఒక సన్నని పట్టీ ఉంటుంది. అందరూ మరిచిపోయేది అదే.

చివరగా ఒకరు టార్చి పట్టుకొని లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయటి నుంచి పైపుతో నీళ్లు కొట్టాలి. అప్పుడు ఎక్కడ కారుతుందో తెలిసిపోతుంది.

మాకు సామానుకు వెయ్యి రూపాయలు కూడా కాలేదు. పని ఒక పూట. రెండు బస్తాల మిర్చికి మేం కట్టిన డబ్బుతో పోలిస్తే అదెంత? అద్దం తీశాక సీటు కింద చూస్తే నేల రేకు తుప్పుపట్టి రెండు చోట్ల చిల్లు పడి ఉంది. ఆ నీళ్లు వైర్ల దాకా పోయి ఉంటే ఇంకా పెద్ద ఖర్చే అయ్యేది.

ఇక అసలు మాటకు వస్తాను.

మనం సంఘంలో ఎప్పుడూ ఏమంటాం? పొలంలో ఉన్నవాడికే కష్టం తెలుస్తుంది, నష్టం జరగకముందే మా మాట వినండి అని ప్రభుత్వాన్ని అడుగుతాం. ఆఫీసుల ముందు కూర్చుంటాం. మరి రాత్రీ పగలూ ఆ క్యాబిన్‌లో కూర్చునే తమ్ముడు మూడుసార్లు చెప్తే మనం విన్నామా? అతను ముందు చెప్పింది తన దగ్గు గురించి. దాన్ని మేం లెక్క చేయలేదు. కాగితాలు తడిసినాక కదిలాం. అంటే మాకు మనిషి దగ్గు కంటే కాగితమే ఎక్కువైంది. ఈ తప్పు మీ అందరి ముందు ఒప్పుకోవాలనే ఇక్కడ నిలబడ్డాను.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబిన్‌లో ఏసీ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. మంచిదే. కానీ మన ఊళ్లలో తిరిగే పాత బండ్లకు అది వర్తించదు. వాటిలో కూర్చునేవాళ్లకు దుమ్ము, వాన తగలకుండా చూడాల్సింది మనమే.

అందుకే మూడు పనులు చేద్దామని కోరుతున్నాను. ఒకటి, రోహిణి కార్తె దాటకముందే ప్రతి ఊళ్లో ఉమ్మడి బండ్ల కిటికీలు, తలుపులు నీళ్లు కొట్టి చూడాలి. రెండు, ప్రతి బండిలో ఒక నోటు పుస్తకం పెట్టాలి. డ్రైవర్ చెప్పిన లోపం అందులో రాయాలి, పదిహేను రోజుల్లో దానికి జవాబు చెప్పాలి. మూడు, తక్ పట్టీ చేతికి రాగానే ఫోనులో ఫొటో తీసి, కాగితాన్ని మూత ఉన్న డబ్బాలో పెట్టాలి.

మా డ్రైవర్ తమ్ముడు ఇక్కడే, ఆ తలుపు దగ్గర కూర్చున్నాడు. రబ్బరు వేసినాక వారానికి వచ్చి, "అన్నా, ఇప్పుడు బండిలో పాట వినపడుతున్నది" అన్నాడు. ఇప్పుడు బ్రేకుల గురించి ఏదో చెప్తున్నాడు. ఈసారి మొదటిసారి చెప్పినప్పుడే విన్నాం. సోమవారం బండి షెడ్డుకు పోతోంది.

సెలవు. రైతు ఐక్యత వర్ధిల్లాలి.