ఇల్లు కొనేవారికి తమ మనిషి ఉండాలి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో కట్టడంకన్నా కొనడమే కష్టంగా ఉంది. మన పిల్లలు గల్ఫులో పదేళ్ళు ఎండలో నిలబడి పంపిన సొమ్ము ఒక్క సంతకంతో చేతులు మారిపోతుంది. అందుకే ఈ విషయమై నాలుగు మాటలు మనవి చేయదలిచాం.

ముందు మా అనుభవం చెప్తాం. కొన్నేళ్ళ క్రితం మేము ఒక పాత ఇల్లు బేరమాడాం. మధ్యవర్తి మంచి మాటకారి. "రేపు ఇంకో పార్టీ వస్తోందండీ, ఇవాళే బయానా ఇచ్చేయండి" అన్నాడు. ఇచ్చేశాం. ఈ.సి. తీయిస్తే శుభ్రంగా ఉంది. తీరా రిజిస్ట్రేషన్ దగ్గరపడ్డాక తెలిసింది, అది అమ్మేవారి తండ్రిగారి ఆస్తి అని, ఇద్దరు అప్పచెల్లెళ్ళకు అందులో వాటా ఉందని, వారు సంతకానికి ఒప్పుకోలేదని. ఆడబిడ్డకు వాటా ఉంటుందని మనకు తెలియనిదా? అయినా అడగలేదు, అది మా తప్పే. బయానా రాబట్టుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. కొంత రానేలేదు. అది మా అమ్మాయి పెళ్ళికని దాచిన డబ్బు.

తర్వాత నిదానంగా ఆలోచిస్తే సంగతి బోధపడింది. ఆ మధ్యవర్తి అమ్మేవారు పిలిస్తే వచ్చినవాడు. బేరం కుదిరితేనే అతనికి కమీషను. ధర పెరిగితే కమీషనూ పెరుగుతుంది. అటూ పుచ్చుకుంటాడు, ఇటూ పుచ్చుకుంటాడు. అతన్ని తిట్టి ఏం లాభం? కోర్టులో ఎదుటివారి ప్లీడరునే మన ప్లీడరుగా పెట్టుకుంటామా? ఇల్లు కొనేటప్పుడు మాత్రం ఆ పనే చేస్తున్నాం.

రెండోసారి మేము డబ్బిచ్చి మా తరఫున ఒక అనుభవజ్ఞుణ్ణి పెట్టుకున్నాం. ఆయన ఇల్లు చూడకముందే అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మే ఆయనకు అక్కచెల్లెళ్ళు ఎంతమంది?" అని. ఈ.సి.లో రిజిస్టరయిన లావాదేవీలే ఉంటాయి, వారసుల వాటాలు, నోటిమాటగా చేసిన హిబా, రిజిస్టరు కాని అగ్రిమెంట్లు అందులో కనబడవు అని ఆయనే చెప్పారు. జిరాక్సులు కాదు, అసలు దస్తావేజులు చూపించమన్నారు. అసలువి చూపలేదంటే అవి బ్యాంకులో తాకట్టులో ఉన్నాయేమో కనుక్కోవాలట. సర్వే నంబరు పట్టుకుని, అది వక్ఫ్ భూమా, అసైన్డ్ భూమా, నిషేధిత జాబితాలో ఉందా అని విచారించారు. చుట్టుపక్కల ఈమధ్య ఏ ధరకు అమ్ముడయ్యాయో కనుక్కుని బేరమాడారు. రెండు ఇళ్ళు వద్దన్నారు. వద్దన్నందుకు ఆయనకు నష్టం లేదు, ఎందుకంటే కొన్నా కొనకపోయినా ఇంత అని ఫీజు ముందే మాట్లాడుకున్నాం. అందులోనే ఉంది కిటుకంతా.

కొత్త అపార్ట్‌మెంట్లు, వెంచర్ల సంగతి వేరు. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం ఆ ప్రాజెక్టుల్లో అమ్మకాలు జరిపించే ఏజెంటు కూడా రిజిస్టరు చేయించుకోవాలి. ఒప్పందం రిజిస్టరు కాకుండా బిల్డరు నూటికి పదికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. పాత ఇళ్ళ బేరాలకు ఈ రక్షణ లేదు. అక్కడ మన జాగ్రత్తే మనకు రక్ష. అమెరికాలో ఉన్న మనవాళ్ళనడగండి. 2024 ఆగస్టు నుంచి అక్కడ చాలావరకు, కొనేవారు ఏజెంటుతో ఇల్లు చూడబోయే ముందే ఫీజు ఎంతో తేల్చుకుని కాగితం రాసుకోవాల్సి వస్తోంది. మనమూ ఒక కాగితం రాసుకుంటే పోయేదేముంది? ఫీజెంత, ఏ పనులు చేయాలి, అమ్మేవారి దగ్గర ఏమీ పుచ్చుకోనని ఒక మాట. ఇంతే.

ఒక్క హెచ్చరిక. మన మనిషి ఉన్నాడు కదా అని వకీలుకు కాగితాలు చూపించడం మానకండి. ఎవరి పని వారిదే. మన బంధువే కదా అని అటూ ఇటూ కమీషను తినేవాణ్ణి నమ్మకండి.

చివరగా సంఘానికి మా విన్నపం. సభ్యుల్లో దస్తావేజుల పని తెలిసిన పెద్దలున్నారు, రిటైరైన ఉద్యోగులున్నారు. నెలకొక ఆదివారం వారు కూర్చుని, బయానా ఇవ్వబోయే కుటుంబాల కాగితాలు చూసిపెడితే ఎన్నో ఇళ్ళు నిలబడతాయి. మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

సెలవు. వస్సలాం.