ఆసుపత్రిలో మనం దాచే మాటలు

(బోగోలులో జరిగిన సాంస్కృతిక సభలో యువతీయువకుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం. వక్త ఏఎన్ఎంగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. మాట్లాడిన తీరును మార్చకుండా ఇస్తున్నాం.)

ఇప్పటిదాకా పాటలు, డప్పులు విన్నారు. ఇప్పుడు ముసలి నర్సమ్మ మాట వినమంటే కష్టమే. సెల్‌ఫోన్లు చూసుకునేవాళ్లు చూసుకోండి, నేనేం అనను. సగం చెవి ఇటు పెడితే చాలు.

నేను యానాది బిడ్డను. మా నాయన ఎలుకలు పట్టేవాడు. రైతులు పిలిస్తే చేలోకి పోయి, కలుగు దగ్గర పొగకుండ పెట్టి ఊది, ఎలుకను పట్టి, లోపల అది దాచుకున్న వడ్లు కూడా తవ్వి తెచ్చేవాడు. ఆ వడ్లతో మాకు ఒక పూట గడిచేది. ఈ మాట ఇట్లా మైకులో చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరైనా "మీ నాయన ఏం చేస్తాడు?" అని అడిగితే "వ్యవసాయం" అనేదాన్ని. ఒకరకంగా అబద్ధం కాదు గదా!

మా నాయన ఎట్లా పోయాడో చెబుతాను. నేను ఏఎన్ఎం ట్రైనింగు రెండో ఏడులో ఉన్నాను. వానలు పడి చేలన్నీ నీళ్లు నిలిచిన కాలం. ఆయనకు జ్వరం వచ్చింది. పిక్కలు పట్టుకుంటే అరిచేటంత నొప్పి. కళ్లు ఎర్రబడి, తరువాత పచ్చబడ్డాయి. కామెర్లు అని పసరు పోయించారు. మూడు రోజులు అట్లా గడిచింది. ఒంటేలు తగ్గిపోయాక ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ డాక్టరు గారు మంచివాడే, అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. "ఏం పని చేస్తావు పెద్దాయనా?" మా నాయన ఏమన్నాడు? "కూలి పని సార్." అంతే. ఎందుకన్నాడంటే, అంతకుముందు ఒకచోట ఎలుకల సంగతి చెబితే పక్క మంచం మనిషి ముక్కు మూసుకున్నాడు. ఆ సిగ్గు ఆయనకు గుర్తుంది.

నాలుగో రోజు చనిపోయాడు.

అది ఎలుక జ్వరమేనా? ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, పరీక్ష జరగలేదు. కానీ తరువాత పుస్తకంలో లెప్టోస్పైరోసిస్ గురించి చదివినప్పుడు నా చేతులు వణికినాయి. ఎలుకల ఒంటేలు కలిసిన నీళ్లలో, బురదలో ఆ క్రిమి ఉంటుంది. చేతికో కాలికో గీత పడి ఉంటే అందులోంచి లోపలికి పోతుంది. జ్వరం, పిక్కల నొప్పులు, ఎర్రటి కళ్లు. ముదిరితే కామెర్లు, మూత్రపిండాల దెబ్బ. మొదట్లోనే పట్టుకుంటే డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ లాంటి మామూలు మందులకే లొంగుతుంది. "ఎలుకలు పడతాను సార్" అని ఒక్క మాట అని ఉంటే డాక్టరు గారి ఆలోచన వేరే దారిన పోయేదేమో. "ఏమో" అనే అంటున్నాను, అంతకంటే ఎక్కువ అనలేను.

మీలో ఎలుకలు పట్టే ఇళ్ల పిల్లలు ఉన్నారు. రొయ్యల గుంటల మీద కాపలా ఉండేవాళ్లు, వరి నాట్లకు పోయేవాళ్లు ఉన్నారు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే, పక్కన మీరు నిలబడి పని సంగతి మీరే చెప్పండి. చదువుకున్నవాళ్లు చెబితే వినే చెవి వేరు. అది అన్యాయమే, కానీ ఆ రోజుకు అదే అక్కరకు వస్తుంది.

ఇక మన పెద్దవాళ్లు రిజిస్టరులో పేరు రాయించుకోవడానికి ఎందుకు జంకుతారో చూద్దాం. నేను ఇళ్లకు తిరిగే రోజుల్లో ఒక అవ్వ నన్ను చూడగానే కోడలిని గుడిసె వెనక్కి పంపేది. "నర్సమ్మా, పుస్తకంలో పేరు ఎక్కితే మంచిది కాదు" అనేది. నేను మూఢనమ్మకం అనుకున్నాను. నవ్వాను కూడా. తరువాత అర్థమైంది, అవ్వ చెప్పింది చరిత్ర. మన బోగోలు మండలంలోనే కప్పరాళ్లతిప్ప ఉంది. అది ఒకప్పుడు నేరస్థ జాతుల చట్టం కింద పెట్టిన సెటిల్‌మెంటు. ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచారు. 1871లో వచ్చిన ఆ చట్టం కింద పుట్టిన కులాన్ని బట్టి మనిషిని దొంగ అని రాసేవాళ్లు. పేరు నమోదు, వేలిముద్ర, వేళకు హాజరు. యానాదులు కూడా ఆ ముద్ర తప్పించుకోలేదు. మన నెల్లూరు వాడైన వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే మద్రాసు రాష్ట్రంలో 1947లో అది రద్దయింది. దేశమంతటా పోయింది 1952 ఆగస్టు 31న. అంటే ఆ అవ్వ చిన్నతనంలో పుస్తకంలో పేరు ఎక్కడమంటే పోలీసు రావడమే. అదే చేత్తో నేను రిజిస్టరు పట్టుకుని, యూనిఫాం వేసుకుని పోయి, "పేరు చెప్పవ్వా" అంటే ఎట్లా చెబుతుంది?

నర్సులకు ట్రైనింగులో ఈ సంగతి చెప్పరు. చెప్పాలి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. సభలో చెప్పుకునేది కాదు, అయినా చెబుతాను. ఉద్యోగంలో చేరి కొన్నేళ్లయింది. ఒక అమ్మాయి, రెండో కాన్పు, రక్తం బాగా తక్కువ. కడుపుతో ఉన్న మనిషికి హిమోగ్లోబిన్ 11 ఉండాలి. ఆమెకు 7 దగ్గర ఉంది. ఐరన్ మాత్రలు ఇచ్చాను. నెల తరువాత చూస్తే సంచిలో మాత్రలు అట్లాగే ఉన్నాయి. అందరి ముందు అరిచాను. "మీకు ఎంత చెప్పినా ఇంతే" అన్నాను. "మీకు" అన్నాను, వినండి. నేను ఆ జాతి కానట్టు. ఆ పిల్ల తల వంచుకుని పోయింది. మళ్లీ సెంటరుకు రాలేదు. ఇంట్లోనే కాన్పు అయింది, రక్తం ఆగలేదు. మంచం మీద మోసుకుని రోడ్డెక్కి, నెల్లూరు చేర్చి, రక్తం ఎక్కిస్తే మనిషి దక్కింది. బిడ్డ దక్కలేదు.

చాలా రోజుల తరువాత వాళ్ల ఇంటికి పోయి కూర్చున్నాను. అప్పుడు అడిగాను, ముందే అడగాల్సిన మాట. "ఎందుకు వేసుకోలేదమ్మా?" వాళ్ల అత్త చెప్పింది. "మాత్రలు మింగితే బిడ్డ పెద్దదైపోయి కాన్పు కష్టమవుద్దంట గదమ్మా. పైగా దొడ్డికి నల్లగా పోతాంటే పిల్ల భయపడింది." ఇదీ సంగతి. మాత్రల వల్ల మలం నల్లగా రావడం మామూలే, భయం లేదు. బిడ్డ కాన్పుకు అడ్డం వచ్చేంత పెద్దదేం కాదు. రక్తం బాగుంటే తల్లి కాన్పును తట్టుకుంటుంది. ఈ రెండు మాటలు చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది. అరవడానికి అంతకంటే ఎక్కువసేపే పట్టింది.

మాత్ర రోజుకు ఒకటి, 180 రోజులు. కాన్పు తరువాత ఇంకో 180. కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవచ్చు, టీతో మాత్రం వద్దు. టీ ఇనుమును ఒంటికి పట్టనియ్యదు.

తిండి సంగతిలో నర్సుల తెలివి కూడా చూడండి, నాతో సహా. "యాపిల్ తిను, దానిమ్మ తిను" అని చెప్పేవాళ్లం. దానిమ్మ కాయ ధర ఎంత? కూలి ఎంత? అందులో ఉండే ఇనుము ఎంత? మన ఇళ్లలో తినే నత్తలు, చిన్న చేపలు, మాంసం, ఎలుక మాంసంతో సహా, వీటిలో ఉండే ఇనుము ఆకుకూరల ఇనుము కంటే బాగా ఒంటికి పడుతుంది. కానీ "ఏం తింటావమ్మా" అంటే మన ఆడపిల్లలు "అన్నం, చారు" అంటారు. నత్తలు అంటే నవ్వుతారని. ఇక్కడ కూడా అదే సిగ్గు. తినేది దాచి, కొనలేని దానికి తలూపి వస్తారు.

మన ఆచారాలన్నీ చెడ్డవి అని నేను అనను. బాలింతకు వేడినీళ్ల స్నానం, వెల్లుల్లి కారం, పక్కన ఎవరో ఒకరు ఉండటం, ఇవన్నీ ఉంచుకోండి. ముర్రుపాలు పిండి పారబోయడం, పుట్టిన బిడ్డకు ఆముదమో గాడిదపాలో పట్టడం, బాలింతకు దాహం వేసినా నీళ్లు ఇవ్వకపోవడం మాత్రం మానాలి. గంట లోపల తల్లిపాలు, ఆరు నెలలు తల్లిపాలే, చుక్క నీళ్లు కూడా వద్దు. ఇది మీకు అంగన్‌వాడీలో చెప్పే ఉంటారు, నేను సాగదీయను.

పాముల సంగతికి వస్తాను, ఇక్కడ మనం తల ఎత్తుకోవచ్చు. చెన్నై దగ్గర వడనెమ్మేలి అనే ఊళ్లో ఇరుళ గిరిజనుల సహకార సంఘం ఉంది. 1978లో మొదలైంది. ఇరుళలు మన చుట్టం లాంటివాళ్లు. మనలాగే కలుగులు, పుట్టలు తెలిసినవాళ్లు. పాము తోళ్ల వ్యాపారం ప్రభుత్వం ఆపేశాక, అదే విద్యతో పాములను పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో తయారైన విరుగుడును శుద్ధి చేస్తారు. మన దేశంలో పాము కాటుకు ఇచ్చే సూదిమందుకు కావలసిన విషంలో చాలా భాగం ఈ సంఘం నుంచే పోతుంది. ఆ సంఘానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్ గార్లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో వీళ్లను అమెరికాలో ఫ్లోరిడాకు పిలిపించుకుని, అక్కడివాళ్లకు దొరకని కొండచిలువలను పట్టించుకున్నారు.

మనవాళ్ల చేతిలోంచి పోయిన విషంతో తయారైన మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా దొరుకుతుంటే, మనం మాత్రం మంత్రం వేయించి, వేరు నూరి పూసి, గంటలు పోగొట్టుకుంటున్నాం. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. ఆ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, నాలుగింటికీ పనిచేస్తుంది. పామును చంపి తేవాల్సిన పని లేదు. తాడుతో బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కు ఫోన్ చేయండి. ఏ ఆసుపత్రిలో మందు ఉందో వాళ్లనే అడగండి.

కట్లపాము గురించి ఒక మాట. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, కొన్నిసార్లు గాటు కూడా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, రెప్పలు వాలిపోవడం, గుటక పడకపోవడం. గాలి సోకిందని, తాగి పడుకున్నాడని అనుకుంటారు. నేల మీద పడుకున్న మనిషి పొద్దున లేచి రెప్పలు ఎత్తలేకపోతే పామనే అనుకుని పరుగెత్తండి. మంచం ఎక్కి, దోమతెర చుట్టూ దోపుకుని పడుకుంటే ఈ గొడవ చాలావరకు ఉండదు.

టీబీ గురించి చెప్పకుండా దిగితే మా పాత సూపర్‌వైజరు ఊరుకోదు. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష ఉచితం. మామూలు టీబీకి మందు ఆరు నెలలు. మనవాళ్లు రెండు నెలలకు దగ్గు తగ్గగానే ఆపేస్తారు, లేదా గుంటల పనికి వేరే ఊరు పోతూ చెప్పకుండా పోతారు. పోయేముందు ఆశాకు చెబితే పోయే ఊళ్లో మందు ఇప్పిస్తారు. మందు వాడేవాళ్లకు తిండికి ప్రభుత్వం నెలకు 500 ఇచ్చేది, 2024 నవంబరు నుంచి 1000 అయింది. బ్యాంకు ఖాతా లేక ఆ డబ్బు రానివాళ్లు మన కాలనీల్లో ఎంతమందో. ఆధార్ లేదు, ఖాతా లేదు. ఇది నర్సమ్మ పని కాదు, మీ పని. ఫోనులో ఫారాలు నింపడం మీకొచ్చు.

ఇంకొకటి. ఆసుపత్రిలో ఎవరైనా మన ఆడవాళ్లను "ఏమే" అంటే, గొడవ పెట్టుకుని తిరిగి వచ్చేయకండి. పోయేది మన మనిషి ప్రాణం. పని అయ్యాక పెద్ద డాక్టరుకు కాగితం రాసి ఇవ్వండి, తేదీ వేసి. కాన్పు గదిలో తల్లిని గౌరవంగా చూడాలని 2017లో కేంద్రం తెచ్చిన లక్ష్య కార్యక్రమంలోనే ఉంది. మీలో నర్సింగు చదివే అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. అమ్మా, రేపు మీరు యూనిఫాం వేసుకున్నాక నోటికి "మీకు" అనే మాట వస్తుంది. నాకు వచ్చింది.

మీ ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ల కార్డు, పిల్లల టీకాల కార్డు తెమ్మని ముందే చెప్పించాను. తెచ్చినవాళ్లు ఆ చెట్టు కింద బల్ల దగ్గరికి రండి. ఎలుకల పనికి పోయేవాళ్లు చేతుల మీద గీతలు, పుళ్లు ఉంటే చూపించండి, కట్టుకు మందు తెచ్చాను. నా రైలు సాయంత్రం. అప్పటిదాకా ఇక్కడే ఉంటాను.